షార్ట్ టర్మ్‌కి హైదరాబాద్ వెళ్లాలా, ఇంట్లోనే ఉండి ఎంసెట్‌కి చదవాలా? (ఎంపీసీ సెకండియర్, తెలుగు మీడియం)

అందరికీ నమస్తే. నాది నల్గొండ జిల్లా. మా ఊరికి 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. తెలుగు మీడియం. ఫస్టియర్‌లో 470కి 431 వచ్చాయి. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది.

ఇంజనీరింగ్ ఎంట్రన్స్ పేరు ఈఏపీసెట్ అని మారినా మా ఊళ్లో అందరూ ఎంసెట్ అనే అంటారు. నేను కూడా అలాగే రాస్తున్నాను.

మా మేనమామ ఎల్బీ నగర్‌లో ఉంటాడు. ఇంటర్ పరీక్షలు అయిపోగానే నన్ను అక్కడ ఎంసెట్ షార్ట్ టర్మ్ కోచింగ్‌లో చేర్పిస్తానంటున్నాడు. ఫీజు, హాస్టల్ కలిపి 38 వేలు చెప్పారట. అమ్మ చిట్టీ ఎత్తుకుంటానంటోంది. ఆ చిట్టీ తమ్ముడి చదువు కోసమని రెండేళ్ల నుంచి వేస్తోంది. వాడు ఇప్పుడు పదో తరగతి. ఆ డబ్బు నా మీద పెడితే ఆర్నెల్ల తర్వాత వాడికి ఏం పెట్టాలి? ఈ ఆలోచనతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అమ్మకి చెబితే "అవన్నీ నీకెందుకు, నువ్వు చదువుకో" అంటుంది.

మేము బీసీలం. పదివేల లోపు ర్యాంకు వస్తే కాలేజీ ఫీజు మొత్తం గవర్నమెంటే కడుతుంది. దాటితే 35 వేల వరకే వస్తుంది, మిగతాది మేం కట్టుకోవాలి. మంచి కాలేజీల్లో ఫీజు లక్ష దాటింది. కాబట్టి నాకు పదివేల ర్యాంకు అంటే గొప్ప కోసం కాదు, ఇంజనీరింగ్ చదవగలనా లేదా అనేదే దాని మీద ఉంది.

దసరా సెలవుల్లో ఒక పాత పేపర్ పెట్టుకుని మూడు గంటలు టైమ్ చూసుకుని రాశాను. 160 బిట్లలో 92 చేశాను. 51 కరెక్ట్. మ్యాథ్స్ 27, ఫిజిక్స్ 11, కెమిస్ట్రీ 13. ముందు మ్యాథ్స్ మొదలుపెట్టాను, తల ఎత్తి చూసేసరికి రెండు గంటలు అయిపోయాయి. కెమిస్ట్రీకి పావుగంట కూడా మిగల్లేదు. సెకండియర్ సిలబస్ సగమే అయింది కాబట్టి కొన్ని చాప్టర్లు అసలు తెలియవు, అది వేరే సంగతి. కానీ తెలిసినవి కూడా చేయలేకపోయాను. పబ్లిక్ పరీక్షలో ఏడు మార్కుల లెక్క మెట్టు మెట్టుగా రాయడం అలవాటైంది. నిమిషంలో జవాబు అంటే చేయి వణుకుతోంది.

ఇంకో బాధ ఏంటంటే, కాలేజీ లైబ్రరీలో ఉన్న బిట్ బ్యాంకులన్నీ ఇంగ్లీష్‌లో ఉన్నాయి. యూట్యూబ్‌లో క్లాసులు చెప్పేవాళ్లు తెలుగులోనే మాట్లాడతారు కానీ పదాలన్నీ ఇంగ్లీష్‌వే. ‘లాటస్ రెక్టం’ అంటే మా పుస్తకంలో ఉన్న నాభిలంబమే అని నాకు నెల రోజుల కింద తెలిసింది. అది తెలియక అంతకుముందు ఎన్ని బిట్లు వదిలేశానో!

పరీక్ష కంప్యూటర్ మీద కదా. నేను ఇంతవరకు మౌస్ పట్టుకోలేదు.

షార్ట్ టర్మ్‌కి వెళ్లి చదివినవాళ్లు, ఇంట్లో ఉండి చదివినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. మామయ్య ఇంకో మాట కూడా అంటున్నాడు, ఇంటర్ మార్కులు కూడా ర్యాంకులో కలుస్తాయి, అందుకని ఇప్పుడు ఎంసెట్ జోలికి పోవద్దు, ముందు ఇంటర్ చూసుకో అని. అది కరెక్టేనా?

—

జవాబు 1 (జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్)

అమ్మా, ముందు చివరి ప్రశ్నకి చెబుతాను. తెలంగాణలో ఇంటర్ మార్కులకి ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో తీసేశారు. ఇప్పుడు ర్యాంకు పూర్తిగా 160 మార్కుల మీదే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ 25 శాతం ఇంకా ఉంది, మీ మామయ్య అక్కడి సంగతి విని ఉంటారు. అలాగని ఇంటర్‌ని వదిలేయమని కాదు. నువ్వు ఇంటర్ కోసం చదివేదే ఎంసెట్‌కి కూడా. ప్రక్షేపకం మీద జవాబు రాస్తావు కదా, గరిష్ఠ ఎత్తు, వ్యాప్తి రాబట్టి అక్కడితో ఆపేస్తావు. ఆ రెండు సూత్రాలనీ పక్కపక్కన పెట్టి ఇంకొక్క నిమిషం చూడు. 45 డిగ్రీల కోణంలో విసిరితే వ్యాప్తి గరిష్ఠ ఎత్తుకి సరిగ్గా నాలుగు రెట్లు ఉంటుంది. ఇలాంటివే బిట్లుగా అడుగుతారు. జవాబు చదవడం అయిపోయాక ఆ ఒక్క నిమిషం కూర్చోవడమే నీకు కావలసిన కోచింగ్‌లో సగం.

ఇప్పుడు నీ పేపర్. 92 చేశావు, అంటే 68 ఖాళీగా వదిలేశావు. ఎందుకు తల్లీ? ఎంసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. ప్రతి ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. 68కి కళ్లు మూసుకుని ఏదో ఒకటి పెట్టినా సగటున 17 తగలాలి. 51 కాస్తా 68 అయ్యేది, ఒక్క కొత్త పాఠం చదవకుండా. కాబట్టి ఆఖరి ఐదు నిమిషాలు కొత్త లెక్క ముట్టుకోకూడదు, ఖాళీలు నింపడానికే ఉంచుకోవాలి. ఎన్ఐటీల లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీల కోసం జేఈఈ మెయిన్ కూడా రాస్తే అక్కడ మాత్రం తప్పుకి ఒక మార్కు పోతుంది, ఈ పద్ధతి అక్కడికి తీసుకెళ్లకు.

మ్యాథ్స్ ముందు మొదలుపెట్టడం నీ ఒక్కదాని పొరపాటు కాదు, మా పిల్లలు చాలామంది అదే చేస్తారు. 80 ప్రశ్నలు, ఎక్కువ మార్కులు అని ముందు దాంట్లోకి దిగుతారు, బయటికి రాలేరు. కెమిస్ట్రీతో మొదలుపెట్టు. 40 బిట్లు 30 నిమిషాల్లో కావాలి. అక్కడ తెలుసా, తెలియదా అనేదే ఎక్కువ, కూర్చుని ఆలోచిస్తే వచ్చేది తక్కువ. ఫిజిక్స్‌కి 45 నిమిషాలు. మ్యాథ్స్‌కి 100. మిగిలిన 5 ఖాళీలకి. ఏ లెక్కయినా రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకి వెళ్లాలి. ఇది వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. సగం చేసిన లెక్కని వదలడానికి మనసు ఒప్పుకోదు. ఐదారు పేపర్లు రాస్తేగాని ఆ అలవాటు రాదు.

ఇంకో సంగతి, ఆప్షన్లు కూడా ప్రశ్నలో భాగమే. ఒకటి ఇంటు రెండు, రెండు ఇంటు మూడు, మూడు ఇంటు నాలుగు, ఇలా ‘ఎన్’ పదాల మొత్తం ఎంత అని అడిగాడనుకో. రాబట్టుకుంటూ కూర్చోకు. ఎన్ దగ్గర 1 పెడితే మొత్తం 2 రావాలి, 2 పెడితే 8 రావాలి. ఏ ఆప్షన్‌లో ఆ రెండూ వస్తాయో చూడు. అరనిమిషంలో అయిపోతుంది. గణితానుగమనంలో, ద్విపద సిద్ధాంతంలో, మాత్రికల్లో ఈ దారి చాలాసార్లు పనికొస్తుంది.

షార్ట్ టర్మ్ గురించి ఇప్పుడే చెప్పను. ముందు ఒక పని చెయ్యి. నువ్వు చేసిన 92లో తప్పయినవి 41. ఒక్కొక్కటీ మళ్లీ తీసి చూసి, దాని పక్కన కారణం రాయి. అసలు రాకా, లెక్కలో పొరపాటా, ప్రశ్న అర్థం కాకా. మూడింటికీ మందు వేరు. షార్ట్ టర్మ్ వాటిలో దేనికి మందో అప్పుడు చూద్దాం.

—

జవాబు 2 (బీటెక్ మూడో సంవత్సరం)

చెల్లీ, నేను షార్ట్ టర్మ్‌కి వెళ్లినదాన్ని. నాది కూడా గవర్నమెంట్ కాలేజీ, తెలుగు మీడియం, సూర్యాపేట వైపు. నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతాను.

ఏ సంస్థ అని చెప్పను. ఒక్కో హాల్లో దాదాపు 90 మందిమి. రెండేళ్ల సిలబస్‌ని నెల పైన కొన్ని రోజుల్లో తిప్పేయాలి కాబట్టి సార్లు బోర్డు మీద సూత్రం, షార్ట్‌కట్, నాలుగు బిట్లు, తర్వాతి చాప్టర్ అంటూ పరుగెత్తేవాళ్లు. ఇంటర్ రెండేళ్లూ అదే పద్ధతిలో చదివిన పిల్లలకి అది రివిజన్. నాకు మాత్రం సగం పదాలు కొత్తవి. ‘మొమెంట్ ఆఫ్ ఇనర్షియా’ అని సార్ అంటుంటే అది జడత్వ భ్రామకమని నేను గుర్తుపట్టేలోపు ఆయన రెండో బిట్‌లో ఉండేవాడు. చేయి ఎత్తి అడగడానికి భయం. మొదటి పది రోజులు బాత్రూమ్‌లో ఏడ్చాను. అమ్మకి ఫోన్ చేస్తే బాగానే ఉందని చెప్పేదాన్ని, ఎందుకంటే డబ్బు కట్టేశారు.

మంచి కూడా చెప్పాలి. రోజు విడిచి రోజు టెస్ట్ పెట్టేవాళ్లు, ఉదయం సరిగ్గా తొమ్మిదికి. సాయంత్రం కీ ఇచ్చి తప్పులు చూసుకోమనేవాళ్లు. నా మార్కులు పెరగడానికి కారణం అదొక్కటే. అది ఇంట్లో కూడా చేసుకోవచ్చు. కష్టమైనది ఏంటంటే ఇంట్లో తొమ్మిదికి కూర్చోబెట్టేవాళ్లు ఉండరు. నీళ్లు పట్టాలి, ఎవరో వస్తారు, తమ్ముడు ఫోన్ అడుగుతాడు. అమ్మతో మాట్లాడి ఆ మూడు గంటలు నిన్ను పిలవకుండా చూసుకో. మా ఇంట్లో అయితే అది కుదరదు, నాకు హాస్టలే నయం. మీ ఇంట్లో కుదురుతుందా లేదా నీకే తెలుసు.

భాష గురించి నేను ఆలస్యంగా చేసిన పని నువ్వు ఇప్పుడే మొదలుపెట్టు. ఒక నోట్‌బుక్ మధ్యలో గీత కొట్టు. ఎడమవైపు మన పుస్తకంలో పదం, కుడివైపు ఇంగ్లీష్ పదాన్ని తెలుగు అక్షరాల్లో, దాని కింద ఇంగ్లీష్ స్పెల్లింగ్. అభిలంబరేఖ, నార్మల్. నియతరేఖ, డైరెక్ట్రిక్స్. ఉత్కేంద్రత, ఎక్సెంట్రిసిటీ. సంభావ్యత, ప్రాబబిలిటీ. నాకు మ్యాథ్స్, ఫిజిక్స్ కలిపి 300 పదాల లోపే అయ్యాయి. రోజుకి పది రాసుకున్నా నెల రోజుల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఏ బిట్ బ్యాంక్ అయినా నీదే.

అసలు పరీక్షలో భయం అక్కర్లేదు. అప్లికేషన్‌లో ఇంగ్లీష్, తెలుగు అని పెట్టుకుంటే ప్రతి ప్రశ్నా రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. నేను తెలుగు చదివి, అనుమానం వస్తే ఇంగ్లీష్ చూసేదాన్ని.

నా ర్యాంకు 14 వేల పైన వచ్చింది. నేను కూడా బీసీనే. పైన మిగిలిన ఫీజు ఏటా నాన్న కడుతున్నాడు. అందుకే నీ పోస్ట్ చదివి వెంటనే రాస్తున్నాను. నేను ఫస్టియర్ సిలబస్‌ని మార్చి దాకా ముట్టుకోలేదు, నన్ను ముంచింది అదే. పేపర్‌లో రెండేళ్ల సిలబస్ వస్తుంది. ఇప్పటి నుంచే రోజుకి ఒక గంట ఫస్టియర్‌కి ఇవ్వు.

జనవరిలో జేఈఈ మెయిన్ కూడా రాయి చెల్లీ. అది కూడా తెలుగులో ఉంటుంది. అసలైన కంప్యూటర్ పరీక్ష హాల్లో ఒకసారి కూర్చున్నట్టు అవుతుంది. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు తెలంగాణ వాళ్లకే, పైగా ఆడపిల్లలకి అదనంగా సీట్లు ఉంటాయి. అర్హతకి ఇంటర్‌లో 75 శాతం ఉంటే చాలు, నీకు ఫస్టియర్‌లోనే 91 ఉంది. నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

—

జవాబు 3 (మీసేవ సెంటర్)

నేను మండలంలో మీసేవ, నెట్ సెంటర్ నడుపుతాను. ఏటా మా దగ్గరే యాభై, అరవై మంది పిల్లలు ఎంసెట్ అప్లికేషన్ పెడతారు. చదువు సంగతి సార్ చెప్పారు, నేను నాకు తెలిసింది చెబుతా.

మౌస్ విషయం తేలికగా తీసుకోవద్దమ్మా. రెండు ఆదివారాలు ఏదైనా నెట్ సెంటర్‌లో కూర్చో. ఎంసెట్ అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ పెడతారు, స్క్రీన్ అచ్చం పరీక్షలో ఉన్నట్టే ఉంటుంది. కుడివైపు ప్రశ్నల నంబర్లు రంగుల్లో కనిపిస్తాయి. జవాబు పెట్టినవాటి రంగు వేరు, చూసి వదిలేసినవాటి రంగు వేరు, తర్వాత చూద్దామని గుర్తు పెట్టుకున్నవాటి రంగు వేరు. ఆప్షన్ మీద నొక్కగానే అయిపోయిందనుకుంటారు పిల్లలు. ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కాలి. రఫ్ పేపర్ మీద లెక్క చేసి, తల ఎత్తి స్క్రీన్ చూసి, మౌస్ పట్టుకుని నొక్కడం, ఇది పుస్తకంలో టిక్కు పెట్టినట్టు కాదు. ఫోన్‌లో ప్రాక్టీస్ చేసినా ఈ అలవాటు రాదు.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఫిబ్రవరిలోపు తీసి పెట్టుకో. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో ఆధార్‌లో కూడా అలాగే ఉందో లేదో ఇప్పుడే చూసుకో. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉండి కౌన్సెలింగ్ టైమ్‌లో తిరిగినవాళ్లని చాలామందిని చూశాను.

సెంటర్ నల్గొండ పడితే ముందురోజు నాన్న ఆటోలోనే వెళ్లి చూసి రండి. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఆ వారంలో ఇంట్లో పెళ్లి ఉన్నా సరే చేతికి గోరింటాకు, మెహందీ పెట్టుకోవద్దు. వేలిముద్ర తీసుకుంటారు.

మా సెంటర్ మీకు దగ్గరైతే రండి, మాక్ టెస్ట్‌కి గంటకి ఎంత అని నేను అడగను.

—

అడిగిన అమ్మాయి (ఆరు వారాల తర్వాత)

సార్, అక్కా, అన్నా, ముగ్గురికీ కృతజ్ఞతలు. వెంటనే రాయనందుకు క్షమించండి. సార్ చెప్పిన పని అయ్యాకే రాద్దామనుకున్నాను.

41 తప్పులూ కూర్చుని చూశాను. నాలుగు రోజులు పట్టింది. లెక్కలో పొరపాట్లు 14. ప్రశ్న అర్థం కాక, పదం తెలియక తప్పయినవి 9. నిజంగా రానివి 18, అందులో 11 మా కాలేజీలో ఇంకా చెప్పని చాప్టర్లవి. ఆ కాగితం అమ్మకి చూపించాను. అమ్మకి చదువు రాదు కానీ గీతలు లెక్కపెట్టింది. "మరి దీంట్లో హైదరాబాద్ పోతే పోయేవి ఎన్ని?" అని అడిగింది. నేను ఆ 11 పోగా మిగిలిన ఏడు చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చిట్టీ సంగతి మామయ్యకి తనే ఫోన్ చేసి చెప్పింది. మామయ్య కొంచెం బాధపడ్డాడు. ఇప్పుడు ఆయనే కోఠీ వెళ్లి రెండు పాత బిట్ బ్యాంకులు కొని బస్సులో పంపాడు.

ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు అమ్మ మిషన్ కుట్టడం ఆపేస్తోంది. నేను అడగలేదు. ఆ చప్పుడుకి నాకు ఇబ్బంది అని తనే అనుకుంది. పెళ్లిళ్ల సీజన్, జాకెట్లు గుట్టగా ఉన్నాయి, మధ్యాహ్నం తిన్నాక రాత్రి పదకొండు వరకు కుడుతుంది. ఫోన్ ఆ మూడు గంటలు తమ్ముడి దగ్గర ఉంటుంది, టైమ్ చూసి చెప్పే డ్యూటీ వాడిది. రెండు నిమిషాలకోసారి "వదిలెయ్, వదిలెయ్" అంటాడు.

పదాల నోట్‌బుక్‌లో 210 అయ్యాయి అక్కా. జేఈఈ మెయిన్‌కి కూడా అప్లై చేశాను.

మొన్న ఆదివారం మూడో పేపర్ రాశాను. కెమిస్ట్రీ 24, ఫిజిక్స్ 15, మ్యాథ్స్ 34. మొత్తం 73. ఒక్కటి కూడా ఖాళీ వదల్లేదు. అన్నా, మీ సెంటర్ దూరం కానీ మా పక్క ఊళ్లో నెట్ సెంటర్ ఒకటి దొరికింది. మొదటి రోజు మౌస్ బాణం ఎటు పోతుందో తెలియక 20 నిమిషాలు పోయాయి, రెండో వారానికి సర్దుకుంది.

సార్, ఒక్క డౌటు. ఫిజిక్స్ మూడు పేపర్లలోనూ 15 దాటడం లేదు. తప్పయినవి చూస్తే ఎక్కువ భ్రమణ చలనం, ఉష్ణగతిక శాస్త్రం. రెండూ ఫస్టియర్‌వే. మళ్లీ మొదటి నుంచి చదవాలా, బిట్లే చేసుకుంటూ పోవాలా?

—

జవాబు 1 (ఫిజిక్స్ లెక్చరర్)

ముందు ఉష్ణగతిక శాస్త్రం తీసుకో తల్లీ, అది చిన్నది. తెలుగు అకాడమీ పుస్తకం మొదటి నుంచి చదువు, సమోష్ణ, స్థిరోష్ణక ప్రక్రియల తేడా ఎవరికైనా నోటితో చెప్పగలిగే దాకా. తమ్ముడికి చెప్పు. వాడికి అర్థమైతే నీకు వచ్చినట్టే. ఆ తర్వాతే బిట్లు. భ్రమణ చలనానికి మాత్రం పుస్తకం తెరవకముందు ఒక కాగితం మీద రెండు వరుసలు రాయి. ఒకవైపు ద్రవ్యరాశి, బలం, వేగం, ద్రవ్యవేగం. ఎదురుగా జడత్వ భ్రామకం, బలభ్రామకం, కోణీయ వేగం, కోణీయ ద్రవ్యవేగం. సరళరేఖలో నీకు వచ్చిన ప్రతి సూత్రాన్నీ రెండో వరుసలోకి మార్చి రాసుకో. వాటిలో ఎక్కడ ఆగిపోతావో అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టు. ఆదివారం పేపర్ అయ్యాక ఫిజిక్స్ తప్పులు మాత్రం ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.